జాలారి పక్కన చామమడి

పోయిన నెల కరీంనగర్‌లో దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాలు వెనక, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన, పచ్చగుడ్డ పందిరి కింద ఒక ఆకుల మడి పెంచారు. పువ్వు లేదు, కాయ లేదు, ఉత్త ఆకులే. వెడల్పాటి ఆకులు, అంచుల వెంట తెల్లటి గీతలు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు గుత్తులు గుత్తులుగా. మాలి దాని పేరేదో చెప్పాడు కానీ నా నోరు తిరగలేదు. బయట మోదుగపూలు రాలిపోయే కాలం, ఎండ అప్పుడే ముదురుతోంది. ఆ మడి దగ్గర మాత్రం చల్లగా, తడిమన్ను వాసనతో హాయిగా ఉంది. పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి తిందామనుకున్నాను.

అంతలో ఇస్త్రీ మడత నలగని చొక్కా తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, నోట్లో ఉన్న గుట్కా అంతా ఒక ఆకు మీద ఉమ్మాడు. అది ఈనె వెంట ఎర్రగా సాగుతూ జారి మొదట్లోకి దిగింది. ఆయన మూతి తుడుచుకుని నాకు నమస్కారం కూడా పెట్టాడు. పళ్లెం అక్కడే గోడ మీద పెట్టేశాను. ఆ పూట ఇంకేమీ లోపలికి పోలేదు.

ఈ రోత నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. వయసుతో పాటు తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

మా ఊరు ఇచ్చోడ నుంచి బోథ్ వెళ్లే దారిలో లోపలికి ఉండేది. ఇంటి వెనక పెరట్లో జాలారి. అంటే ఇంటిల్లిపాదీ స్నానం చేసే, గిన్నెలు తోమే, బట్టలు ఉతికే రాతిబండ. దాని నీళ్లన్నీ ఒక చిన్న మోరీలో పడి జామచెట్టు కిందికి పారేవి. అక్కడ చామ పెరిగేది. ఎవరు నాటారో తెలియదు, మా అవ్వ, అంటే అమ్మ, కాపురానికి వచ్చేసరికే ఉందట. ఎండలు మొదలై పెరడంతా ఎర్రగా పగుళ్లు తీసే రోజుల్లో కూడా అదొక్కటి పచ్చగా, ఏపుగా ఉండేది. ఎందుకుండదు? మా ఇంట్లో ఎవరి ఒంటి మురికైనా చివరికి దాని మొదట్లోకే చేరేది.

ఆ చోటు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నల్లటి బురద. దాని మీద సబ్బునురగ, తేలే అన్నం మెతుకులు, తల దువ్వుకుంటే ఊడిన వెంట్రుకల ఉండలు. ఆకుల అడుగున గుల్ల లేని నత్తలు, వేలంత లావు, ముట్టుకుంటే జిగురు. కుంకుడు పులుపు, పులిసిన బియ్యం కడుగు, మురుగు, అన్నీ కలిసిన కంపు. దానికి తోడు ఆ కాలంలో అడవి వైపు నుంచి గాలి వీస్తే ఇప్పపూల వాసన వచ్చేది. అందరూ ఆహా అనేవారు. నాకు ఆ తియ్యటి వాసన, మోరీ కంపు కలిస్తే ముక్కు మూసుకుని ఇంట్లోకి పరిగెత్తేదాన్ని.

అన్నిటికంటే పెద్ద రోత మా బాపు, మా నాన్న. పొలం నుంచి వచ్చి వెనక వరండాలో మంచం వేసుకుని కూర్చుంటే, తంబాకు, సున్నం అరచేతిలో నలిపి పెదవి కింద పెట్టుకునేవాడు. కాసేపటికొకసారి గొంతులోంచి ఖాక్‌మని తీసి, కూర్చున్న చోటు నుంచే ఆ ఆకుల మీదికి ఉమ్మేవాడు. గురి తప్పేది కాదు. ఆకు ఒకసారి ఊగేది. గోధుమరంగు మరకలు ఒకదాని మీద ఒకటి ఎండి, ఆకులు చర్మవ్యాధి వచ్చినట్టు కనిపించేవి.

ఆ ఆకులే అవ్వ కోసి, చింతపండు వేసి పులుసుకూర వండేది. మా ఇంట్లో జొన్నరొట్టెలోకి చామకూర అంటే అందరూ లొట్టలు వేసేవారు. నేను ముట్టేదాన్ని కాదు.

"కడిగిన గదనే. మూడు నీళ్లల్ల కడిగిన," అనేది అవ్వ.

"ఎన్ని నీళ్లల్ల కడిగినా గది బాపు ఉమ్మిందే," అనేదాన్ని. వీపు మీద ఒకటి పడేది. తర్వాత ఉల్లిగడ్డ, కారంతో రొట్టె తినేదాన్ని.

మా అన్న నాకంటే చాలా పెద్దవాడు. దుబాయి వెళ్లాడు. ఏ దేశం పోయినా మాకు దుబాయే. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు పెళ్లి చేశారు. వదినది కరీంనగర్ అవతల మగ్గాల ఊరు. వాళ్ల బాపు, అన్నలు అందరూ మరమగ్గాల మీద కూలికి నేసేవాళ్లే. పెళ్లయిన కొద్ది రోజులకే అన్న విమానం ఎక్కాడు. వదిన మా ఇంట్లో మిగిలింది.

వదినకు ఒక అలవాటు ఉండేది. గట్టిగా మాట్లాడేది. కోపం వచ్చి కాదు, మామూలుగానే అంత గొంతు. మగ్గాల షెడ్డు చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి, మెల్లగా మాట్లాడితే ఎదుటివాళ్లకు వినపడదని ఆమె ఒంటికి పట్టేసింది. "అత్తా, ఉప్పేడున్నది?" అంటే మూడిళ్ల అవతలికి వినపడేది. అవ్వ నుదురు కొట్టుకునేది.

వచ్చిన కొత్తలో ఒకరోజు పెరట్లో నిలబడి ఆ చామ వైపే చూస్తోంది.

"గీ జాగ ఎవరిది?" అని అడిగింది.

"మనదే. అటు పోకు వదినా, థూ, గలీజు," అన్నాను.

"మా ఇంట్ల మన్నే కనపడది తెల్సా? షెడ్డుల మగ్గాలు, ఇంట్ల నూలు. అన్నం మీద గూడ దూదే పడ్తది. డబ్బల ఒక తులసిచెట్టు పెడితె దానికి గూడ దూది పట్టి సచ్చిపోయింది. గింత జాగ నాకుంటే..." అని ఆగి, చీర కుచ్చిళ్లు పైకి దోపి బురదలోకి దిగింది.

నేను కళ్లు మూసుకున్నాను. ఆమె పాదం దిగినప్పుడు వచ్చిన చప్పుడు నా చెవుల్లో ఉండిపోయింది.

చాలా రోజులు పట్టింది. పారతో నల్లబురద ఎత్తి ఎరువుకుప్పలో వేసింది. మోరీని పక్కకు మళ్లించి, సబ్బునీళ్లు వేరే గుంటలోకి, బియ్యం కడిగిన నీళ్లు మాత్రం మడిలోకి వచ్చేటట్టు రాళ్లు పేర్చింది. వాగు ఇసుక తెచ్చి పోసింది. బూడిద చల్లింది. నత్తల్ని వట్టి చేతులతో ఏరి డబ్బాలో వేసేది. నేనూ, చిన్నబాపు కొడుకూ ఆ డబ్బాలో ఉప్పు పోసి, అవి నురగలు కక్కుతూ ముడుచుకుపోతుంటే చూసి వాంతి వచ్చేదాకా నవ్వేవాళ్లం. ఒకసారి వదిన చూసి ఇద్దరి చెవులూ మెలిపెట్టింది.

"పారేయమన్న గని సతాయించుమన్ననా?" అన్న ఆ అరుపుకు పక్కింటి ఆయి గోడ మీదుగా తొంగిచూసింది.

ఆయి మరాఠీ ఆవిడ. మాకు అమ్మమ్మ వయసు. ఆ గోడ మాటలతోనే వాళ్లిద్దరికీ స్నేహం కలిసింది. "బేటీ, గిది పెట్టు," అని ఊదారంగు కాడల చామగడ్డలు కొంగులో కట్టి తెచ్చి ఇచ్చింది. వదిన వాటిని వెనక వరుసలో నాటింది. ముందు వరుసలో పొట్టివి, మధ్యలో పచ్చవి.

చలికాలం పోయి గాలి మారినప్పుడు కొత్త ఆకులు లేచాయి. మొదట సన్నగా, చుట్టచుట్టిన కాగితంలా మట్టిలోంచి మొన తేలేవి. మరునాటికి జానెడు. ఆ మరునాడు చుట్ట విడిపోయి, లేత పసుపు పచ్చటి ఆకు, ఇంకా మడత గీతలు పోకుండా, కిందికి వేలాడేది. నేను పళ్లపుల్ల నోట్లో వేసుకుని పొద్దున్నే అక్కడికి పోయి కూర్చునేదాన్ని. ఎవరో పిలిచినట్టు పోయేదాన్ని. వదిన వేళ్లతో నీళ్లు చిలకరిస్తే అవి ఆకు మీద అంటకుండా పాదరసంలా దొర్లి, మధ్య గుంటలో చేరి ఒక్కటయ్యేవి. ఆకు కొసను కొంచెం వంచి, ఆ బొట్టును పక్క ఆకులోకి, అక్కడి నుంచి ఇంకో ఆకులోకి దొర్లించడం మా ఆట. ఎవరి బొట్టు కింద పడితే వాళ్లు గిన్నెలు తోమాలి. నేనే ఎక్కువ తోమాను.

ఒకరోజు ఆయి ఆ ఆకులు కోయించి, శనగపిండిలో చింతపండు, బెల్లం, కారం కలిపి ఆకు ఆకుకూ పూసి, చుట్టలు చుట్టి ఆవిరి మీద ఉడికించింది. ఆరాక బిళ్లలుగా కోసి నూనెలో వేసింది. నువ్వులు చిటపటలాడుతున్న వాసనకు నేను తెలియకుండానే చెయ్యి చాపాను. జీవితంలో మొదటిసారి చామాకు తిన్నాను. అవ్వ చూసి, "గిప్పుడు యాడికి పోయిందే నీ రోత?" అంది.

కానీ బాపు మంచం అక్కడే ఉంది. బాపు తంబాకూ అక్కడే ఉంది. ఊదారంగు కాడల మీద, కొత్తగా విప్పుకున్న లేతాకు మీద, పొద్దున్న కడిగితే సాయంత్రానికి మళ్లీ గోధుమరంగు చారలు. వదిన రోజూ చెంబుతో నీళ్లు తెచ్చి కడిగేది.

ఒక సాయంత్రం బాపు దగ్గరికి ఊరి మనుషులు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. మాట మధ్యలో బాపు అలవాటుగా ఉమ్మాడు. వదిన అప్పుడే కొత్త ఆకు కింద కట్టె నిలబెడుతోంది. అది ఆమె మోచేతి మీద, సగం ఆకు మీద పడింది. వదిన తల మీద కొంగు సర్దుకుని, చాలా మర్యాదగానే అంది.

"మామా, జర అటు దిక్కు ఉమ్ముండ్రి. ఆకులు ఖరాబైతున్నయ్."

మర్యాదగానే అంది. కానీ ఆ గొంతుతో అంది. వచ్చినవాళ్లు నేల చూపులు చూశారు. గోడ అవతల ఆయి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బాపు ముఖం నల్లబడింది. లేచి లోపలికి పోయి, ఆ రాత్రి అన్నం తినలేదు. దానితో ఇంట్లో చావు జరిగినట్టయింది. చిన్నబాపు వచ్చాడు, చిన్నవ్వ వచ్చింది. కోడలు మామకు ఉమ్మడం నేర్పిందట. ఆ మాట ఊరంతా తిరిగింది. మోచేతి మీద పడిన ఉమ్మి సంగతి ఎవరూ ఎత్తలేదు.

అప్పట్లో ఉత్తరం రాయడం రానివాళ్లం, టేపులు పంపేవాళ్లం. అన్న తెచ్చిన టేపురికార్డర్ మధ్యలో పెట్టి ఇంట్లో అందరూ వంతులవారీగా మాట్లాడి, ఎవరైనా దుబాయి పోతుంటే ఆ క్యాసెట్ చేతికిచ్చేవాళ్లం. ఆ వారంలోనే మా వైపు మనిషి ఒకడు పోతున్నాడని టేపు పెట్టారు. వదినను కూడా అక్కడే కూర్చోబెట్టారు.

అవ్వ మొదట ఎండల సంగతి, బర్రె ఈనిన సంగతి చెప్పింది. తర్వాత బాపు టేపు దగ్గరికి జరిగి గొంతు సవరించుకున్నాడు.

"కొడుకా, మేం మంచిగనే ఉన్నం. నువ్వు ఫికర్ వడకు. గని నా ఇంట్ల నేను ఏడ ఉమ్మాల్నో నీ పెండ్లాం చెప్తున్నది. నలుగురి ముందట నా ఇజ్జత్ తీసింది. గా మోరీ కాడి ఆకులకున్న ఇలువ నాకు లేకుంట అయింది..." అని, ఆవేశంలో తెలియకుండానే పక్కకు తిరిగి ఖాక్ అని తీసి థూ అని ఉమ్మి, మళ్లీ అందుకున్నాడు. "నువ్వే చెప్పు, గిది పద్ధతేనా?"

వదిన వంతు వచ్చింది. "మంచిగున్న. మీరు పైలంగ ఉండుండ్రి," అని మాత్రం అంది. నన్ను పాట పాడమన్నారు. నేను, "అన్నా, చామాకులు మంచిగ మొలిచినయ్, నువ్వచ్చి సూడు," అన్నాను. అవ్వ నా తొడ గిల్లింది.

సరిగ్గా ఎక్కిందో లేదో అని వెనక్కి తిప్పి విన్నారు. బాపు గొంతు, ఆ తర్వాత డబ్బాలోంచి ఖాక్, థూ, మళ్లీ బాపు గొంతు. నాకు నవ్వు ఆగలేదు. బాపు చెయ్యి నా చెంప మీద పడింది. అదే మొదలు, అదే చివర ఆయన నన్ను కొట్టడం. వదిన మాత్రం నవ్వలేదు.

"నాలుగు దినాలు మీ అవ్వగారింట్ల ఉండి రా," అన్నారు ఆమెను. నాలుగు దినాలన్న మాట ఏడాది దాకా సాగింది. ఎవరూ పిలుచుకు రాలేదు. వానలు వచ్చాయి, వదిన పేర్చిన రాళ్లు కూలాయి, సబ్బునీళ్లు మళ్లీ పాత దారిలోనే పడ్డాయి. నల్లబురద తిరిగొచ్చింది. నత్తలూ వచ్చాయి. నేను చెంబు తీసుకుని ఒకటి రెండుసార్లు వెళ్లాను. బురదలో కాలు పెట్టలేక తిరిగొచ్చాను.

మరుసటి ఏడు హోలీకి అన్న సెలవు మీద వచ్చాడు. పెరట్లో రంగు కోసం మోదుగపూలు ఉడుకుతున్నాయి, చుట్టాలు దిగారు, మేకను కోశారు. బాపు ముందు వరండాలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. "మావోడు ఆఫీసుల ఉంటడు. చల్ల మిషిన్ల కూసుంటడు." అన్న తెచ్చిన గడియారం బాపు చేతికి మెరుస్తోంది. అన్న అందరికీ అత్తరు పూశాడు.

మరునాడు పొద్దున్నే అన్న వెనక వరండా మెట్ల మీద కూర్చుని ఆ బురదనే చూస్తున్నాడు. బాపు లేచి వచ్చి, పెదవి కింద పెట్టుకున్న తంబాకు మెట్ల పక్కన ఉమ్మాడు. అన్న లేచాడు. బకెట్‌తో నీళ్లు, బూడిద, చీపురు తెచ్చాడు. నీళ్లను ఎత్తి కుమ్మరించలేదు, నేలకు వంచి పరిచినట్టు పోశాడు. చీపురు ఏటవాలుగా పట్టి వెనక్కి నడుస్తూ ఒక్కో మెట్టూ కడిగాడు. వరండా గోడ మీద ఏళ్ల నాటి మరకల దగ్గర కూర్చుని, చెంచా కొసతో గీకి, గుడ్డతో తుడిచాడు. మా ఊళ్లో ఏ మగవాడూ అలా కడగడం నేను చూడలేదు. ఆడవాళ్లు కూడా అలా కడగరు.

"లే! గిదేం పనిరా? ఇంట్ల ఆడోళ్లు లేరా?" అన్నాడు బాపు.

"గక్కడ ఆడోళ్లు ఉండరు బాపూ. నేనే కడుగుత."

"ఆఫీసుల..."

"ఆఫీసులనే. ఆఫీసు కడుగుత. క్యాంపుల మోరీలు కడుగుత, పాయిఖానలు కడుగుత. మంది గోడల మీద ఉమ్ముతరు. గీకుడే నా పని." అన్న తల ఎత్తకుండానే చెప్పాడు. "నువ్వు పంపిన టేపు రూముల పెట్టిన. నువ్వు ఉమ్మిన సప్పుడు ఇని అందరు నవ్విండ్రు. ఆమె అన్నదాంట్ల తప్పేందో నాకు గిప్పటికి సమజ్ గాలే."

వరండాలో పడుకున్న చుట్టాలు లేచి కూర్చున్నారు. వాళ్లంతా విన్నారు. అవ్వ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకు చేతులవైపు చూసి ఏడ్చింది. అన్న చేతులు కడుక్కుని, లోపలికి పోయి, చాయ్ గ్లాసు తెచ్చి బాపుకు అందించాడు.

బాపు తీసుకోలేదు. ఆ గ్లాసును చూశాడు, అన్న వేళ్లను చూశాడు. ముఖం పక్కకు తిప్పుకుని, "అవ్వతోని పంపు," అన్నాడు.

నేను మెట్ల మీదే ఉన్నాను. అన్న చెయ్యి కాసేపు అలాగే చాపి ఉంది. ఆ సెలవంతా అన్న అందించింది ఏదీ బాపు ముట్టలేదు. అన్నతో కలిసి కంచం ముందు కూర్చోలేదు. చేతికి ఉన్న గడియారం మాత్రం తీయలేదు.

అన్న ఆ రోజే బస్సెక్కి వెళ్లి వదినను తీసుకొచ్చాడు. ఉగాది దాకా ఇద్దరూ ఆ బురదలోనే ఉన్నారు. వాళ్లు గడ్డలు ఏరుతుంటే నేను కూడా దిగాను. జిగురు నత్త ఒకటి నా మడమ కింద పడింది. అరిచాను కానీ బయటికి రాలేదు. బాపు మంచాన్ని ముందు వరండాకు మార్చుకున్నాడు. ఉమ్మడం బజారు వైపు మారింది.

అన్న మళ్లీ అదే పనికి వెళ్లిపోయాడు. ఒకరోజు బయటి ఊరి మనిషి ఎవరో వస్తే, బాపు ముందు వరండాలో మళ్లీ మొదలుపెట్టాడు, "మావోడు ఆఫీసుల..." అని. వెనక పెరట్లోంచి, ఆకుల మధ్యలోంచి వదిన గొంతు ఇల్లంతా దాటి వచ్చింది.

"ఆఫీసు కడుగుతడు మామా! కడిగే పని!"

ఆ తర్వాత బాపు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆమెను ఏమీ అనలేదు కూడా. అవ్వ మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, మొదటిసారి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ పెరడు ఇప్పుడు లేదు. సిమెంటు పోశారు, మోరీ భూమి లోపలికి పోయింది, జామచెట్టు కొట్టేశారు. టేపులు, గోడ మీది మాటలు పోయాయి, ఆయి కూడా పోయింది. అన్న ఏళ్ల తరబడి అక్కడే చేసి, నడుము వంగిపోయి వచ్చి, ఇచ్చోడలో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. వదినకు చెవులు తగ్గాయి, గొంతు ఇంకా పెరిగింది.

బాపు పోయి కూడా చాలా కాలమైంది. ఆయన చెడ్డవాడు కాదు. జ్వరం వస్తే రాత్రంతా నా కాళ్లు పిసికేవాడు. సంతకు పోతే నాకోసం మురుకులు తేకుండా వచ్చేవాడు కాదు. అన్నం తినేటప్పుడు తన కంచంలోంచి మొదటి ముద్ద నాకు పెట్టేవాడు, పుట్టినప్పటి నుంచీ అంతే. ఆ హోలీ తర్వాత కూడా పిలిచేవాడు. "బిడ్డా, దా," అని ముద్ద కలిపి చెయ్యి చాపేవాడు. తంబాకు నలిపిన ఆ వేళ్ల నుంచి అన్నాళ్లూ తిన్నదాన్నే, అయినా అన్న గ్లాసు అందుకోని ఆ చెయ్యి ముందుకొస్తే నోరు తెరుచుకునేది కాదు.

"ఆకలి అయితలేదు బాపూ," అనేదాన్ని.

ఆయన నమ్మేవాడు. ఆ ముద్ద తనే తినేసేవాడు.